రాత, గీత, ఆరున్నర దశాబ్దాలు: బాపు-రమణల జోడీ మీద ఒక బొమ్మలవాడి కేస్ స్టడీ

నాలుగేళ్ళ కిందట ఒక పత్రిక్కి పిల్లల కథకి బొమ్మ వేసి పంపాను. గోడ మీద కూర్చుని జామకాయ తింటున్న కుర్రాడి బొమ్మ. అక్కడి సబ్ ఎడిటర్ పాతికేళ్ళవాడు, మర్యాదస్తుడు. ఫోన్ చేసి, "సార్, బొమ్మ చాలా బాగుంది. కాకపోతే కొంచెం పెద్దవాళ్ళు వేసినట్టుంది" అన్నాడు. నాకు అప్పుడు యాభై రెండు. మరి పెద్దవాడినే కదా అని నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మళ్ళీ చూసుకుంటే వాడన్నది నిజం. గోడ మీద కూర్చున్నవాడు పెన్షన్ కోసం బ్యాంకులో కూర్చున్న మనిషిలా ఉన్నాడు. చేతిలో జామకాయ తప్ప పిల్లతనం ఎక్కడా లేదు.

ఇలస్ట్రేటర్ చెయ్యి రెండు రకాలుగా ముసలిదవుతుంది. ఒకటి వణుకు. దానివల్ల పెద్ద నష్టం లేదు, వణికే గీతకీ ఒక అందం ఉంటుంది. రెండోది అలవాటు. పల్లెటూరు అనగానే అదే కొబ్బరిచెట్టు, అదే ఎడ్లబండి, చంకలో బిందెతో అదే అమ్మాయి. ఇరవై ఏళ్ళుగా నేను ఒకటే కొబ్బరిచెట్టు వేస్తున్నానని ఆ రోజు పాత ఫైళ్ళు తీస్తే తేలింది. చెట్టు వంగిన దిక్కు కూడా మారలేదు.

డెబ్భై అయిదు దాటాక కూడా ఈ రెండో జబ్బు పట్టనివాళ్ళు ఎవరున్నారా అని ఆలోచిస్తే ముందు గుర్తొచ్చింది బొమ్మలు వేసి సినిమాలు తీసిన బాపు, వాటికి మాటలు రాసిన ముళ్ళపూడి వెంకటరమణ. భక్తితో వాళ్ళ గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు భక్తి లేదని కాదు కానీ, ఈసారి వాళ్ళని ఒక కేసుగా చూశాను. వాళ్ళ పని ఎందుకు పాతబడలేదు, అందులో నా బల్ల మీదికి తెచ్చుకోగలిగింది ఏమైనా ఉందా అన్నవే నా ప్రశ్నలు.

కేసు వివరాలు

రమణ 1931 జూన్ 28న ధవళేశ్వరంలో పుట్టారు. బాపు, అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933 డిసెంబరు 15న నరసాపురంలో. ఇద్దరూ గోదావరి నీళ్ళు తాగినవాళ్ళే అయినా కలిసింది మాత్రం మద్రాసులో, 1940ల్లో, పి.ఎస్. హైస్కూల్లో. రమణకి చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి నానా కష్టాలూ పడి పెంచింది. 1945లో 'బాల' పత్రికలో రమణ మొదటి కథ అచ్చయింది. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్ళు. అక్కణ్ణించి 2011 ఫిబ్రవరిలో రమణ పోయేదాకా ఇద్దరి పేర్ల మధ్య ఒక అడ్డగీతే తప్ప ఖాళీ లేదు. రెండు కుటుంబాలూ చెన్నైలో ఒకే ఇంట్లో ఉండేవి.

ఆ మద్రాసు సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. అరవం మాట్లాడే ఊళ్ళో ఇద్దరు గోదావరి పిల్లలు. గోదావరి రోజూ కళ్ళ ముందు ఉండదు కాబట్టి మాటల్లోనే తెచ్చుకోవాలి. ఒకడు ఆ నదిని మాటల్లో పెడితే రెండోవాడు గీతల్లో పెట్టాడు. పెద్దయ్యాక అదే నది దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. 1967లో బాపు మొదటి సినిమా 'సాక్షి' కోసం గోదావరి జిల్లాలోని పులిదిండి అనే పల్లెకి వెళ్ళారు. 1973లో 'అందాల రాముడు' కథనైతే ఏకంగా లాంచీ ఎక్కించేశారు. ఊళ్ళోనే ఉండిపోయినవాడికి ఊరు తనతోపాటే ముసలిదవుతుంది. చిన్నప్పుడే వదిలి వచ్చినవాడికి అది ఏ వయసులో వదిలాడో ఆ వయసులోనే ఆగిపోతుంది. ఇది నా ఊహే. కానీ ఆ లాంచీ ప్రయాణం చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

బుడుగు దగ్గర ఏం దొరికింది

1950ల్లో ఆంధ్రపత్రిక వీక్లీలో బుడుగు అనే అల్లరి పిల్లాడు వచ్చాడు. రాసినాయనకి పాతికేళ్ళు అటూ ఇటూ, గీసినాయనకి అంతకన్నా రెండేళ్ళు తక్కువ. మీసాలొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఏడేళ్ళవాడి గొంతులోకి దిగిపోయారు. పక్కింటి జ్ఞానప్రసూనాంబ బుడుగు నోట్లో పడి 'సీగానపెసూనాంబ' అయింది. నోరు తిరగని పిల్లాడు నిజంగా అలాగే అంటాడు. ఆ పేరుని ఒకటికి రెండుసార్లు పైకి చదవండి, మీ నాలుక కూడా కాసేపు ఏడేళ్ళదవుతుంది.

నేను ఆ బొమ్మల మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి గీశాను. నెల రోజులు, రోజుకొకటి. ఇది మా వృత్తిలో పాత పద్ధతి, గురువుల గీత చేతికి తెలియాలంటే ఇంతకన్నా దారి లేదు. నాకు పదిహేను గీతలు పట్టే చోట ఆయనకి ఆరో ఏడో సరిపోయాయి. అది అందరూ చెప్పే సంగతే, అందరికీ తెలిసిందే. నన్ను ఆపేసింది ఇంకొకటి. బొమ్మలో ఉన్నది రాతలో లేదు, రాతలో ఉన్నది బొమ్మలో మళ్ళీ రాలేదు. రాత ఒక మాట అంటే గీత దానికి ఇంకో మాట కలుపుతుంది, ఒక్కోసారి ఎదురు కూడా చెబుతుంది. బుడుగు తన గురించి తాను గొప్పలు పోతుంటే పక్కన బొమ్మ నవ్వు ఆపుకుంటూ ఉంటుంది.

ఇది ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. తెలియని రచయిత కథకి బొమ్మ వేసేటప్పుడు మేం భయం భయంగా వేస్తాం. కథలో ఏం రాసి ఉంటే అదే వేస్తాం. ఆకుపచ్చ చీర అని రాస్తే ఆకుపచ్చే. లేకపోతే మర్నాడు ఫోన్ వస్తుంది: "నేను అరుగు మీద కూర్చుంది అని రాశాను కదండీ, మీరు నిలబెట్టారేంటి?" ముప్ఫై ఏళ్ళు ఇలాంటి ఫోన్లు వింటే ఊహ దానంతటదే మూల కూర్చుంటుంది. బాపుకి ఆ భయం లేదు. రాసినవాడు ఏమనుకుంటాడో అన్న టెన్షన్ లేదు, ఎందుకంటే వాడు అదే ఇంట్లో ఉన్నాడు. ఏమైనా అనుకుంటే మొహం మీదే అంటాడు, తర్వాత ఇద్దరూ కలిసి భోంచేస్తారు.

రమణ వైపు నుంచి చూసినా ఇదే. బొమ్మ వేసేవాడి మీద నమ్మకం ఉన్నవాడు వర్ణన తగ్గిస్తాడు. మాట పొదుపు చేస్తాడు. 1975 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరుని గుర్తు చేసుకోండి. చేసేవి ఘోరాలు, మాట్లాడేది కలాపోసన. ఆ గోదారి యాసని రాసినవాడికి, తెర మీద ఆ మనిషిని ఎక్కడ, ఏ వెలుగులో కూర్చోబెడతారో ముందే తెలుసు. బాపు షాట్లన్నీ ముందుగా కాగితం మీద బొమ్మలు వేసుకునేవారన్నది అందరికీ తెలిసిందే. నేను కూడా యాడ్ ఫిల్ములకి స్టోరీబోర్డులు వేశాను కాబట్టి చెబుతున్నాను. కాగితం మీద కొట్టుకుంటే ఖర్చు ఒక రబ్బరు. సెట్లో కొట్టుకుంటే లైట్‌బాయ్ నుంచి హీరో దాకా అందరి బత్తా.

ఒకే కథ, మళ్ళీ మళ్ళీ

పిల్లలకి రాత్రి చెప్పిన కథే మర్నాడూ కావాలి. పెద్దవాళ్ళు "అది విన్నాం కదా" అంటారు. ఈ ఇద్దరూ రామాయణం విషయంలో పిల్లల పార్టీ. 1970ల మొదట్లో 'సంపూర్ణ రామాయణం', 1976లో 'సీతా కల్యాణం' తీశారు. మధ్యలో వచ్చిన 'ముత్యాల ముగ్గు' కూడా లోపల ఉత్తరరామాయణమే, అనుమానం పాలైన ఇల్లాలి కథ. చివరికి 2011లో 'శ్రీరామరాజ్యం'. విషయం కొత్తది దొరక్క కాదు. తెలిసిన కథని ఇంకో మూల నుంచి చూస్తే ఏం కనబడుతుందో అన్న కుతూహలం తీరలేదు.

శ్రీరామరాజ్యం పని నాటికి రమణకి డెబ్భై తొమ్మిది, బాపుకి డెబ్భై ఏడు. వాల్మీకి వేషం వేసిన అక్కినేని నాగేశ్వరరావు ఎనభై దాటినవారు. 1969 'బుద్ధిమంతుడు' నాటి నుంచీ వీళ్ళ మనిషి. అందరి వయసులూ కలిపితే రెండు శతాబ్దాలకి పైమాటే. అయినా ఆ సినిమా నిలబడింది లవకుశుల భుజాల మీద, ఇద్దరు పిల్లల మీద. ముసలితనంలో తీసిన సినిమా ముసలివాళ్ళ గురించి కావాలని ఎక్కడుంది?

అంతకు ముందు, డెబ్భై అయిదు దాటాక, రమణ స్వాతి వీక్లీలో తన జీవితకథ మొదలుపెట్టారు. పేరు 'కోతి కొమ్మచ్చి'. చెట్టెక్కి కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతే ఆట. ఆ రాత కూడా అలాగే గెంతుతుంది. ఒక కొమ్మ మీద ఆకలి, తర్వాతి కొమ్మ మీద సినిమా, ఆ పక్క కొమ్మ మీద అప్పులు, మళ్ళీ స్కూలు. వరసలో పెట్టి రాసి ఉంటే ఎంత బరువుగా ఉండేదో అనిపిస్తుంది, ఎందుకంటే అందులో తిండి లేని రోజులు కూడా ఉన్నాయి. అంతకు చాలాకాలం ముందు, 1964లో ఆయన రాసిన ఒక సినిమా పేరు 'దాగుడు మూతలు'. ఈ మనిషికి ఆటల పేర్లు తరగలేదు. ఆ సీరియల్‌కి ప్రతి వారం బొమ్మలు ఎవరివో చెప్పక్కర్లేదు. వారం వారం డెడ్‌లైన్ అంటే మాలాంటివాళ్ళకి నలభైల్లోనే వెన్ను వంగిపోతుంది.

నాకు అర్థమైంది

స్నేహం వల్ల మనసు ప్రశాంతంగా ఉంటుంది, అందుకే యవ్వనం అని చెప్పేవాళ్ళున్నారు. ఈ కేసులో నాకు కనబడింది అది కాదు. మా రంగంలో యాభై దాటగానే అందరూ 'సార్' అయిపోతారు, అరవైకి 'గురువుగారు'. శాలువాలు మొదలవుతాయి. శాలువాలు మొదలైన రోజు నుంచి "ఈ బొమ్మ బాలేదు" అనేవాడు ఉండడు. అనేవాడు లేకపోతే ఏది బాలేదో మనకి తెలియదు, ముందు దొరికిన కొబ్బరిచెట్టే వేసేస్తాం. లాగూలు వేసుకున్నప్పటి నుంచీ చూసినవాడు పక్కన ఉంటే గురువుగారు అవడం కుదరదు. వాడి ముందు పెద్దరికం నటిస్తే వాడే ముందు నవ్వుతాడు. పెద్దరికం అడ్డం లేనప్పుడే కదా ఎవడైనా కోతి కొమ్మచ్చి ఆడేది.

లెక్కలోకి రావలసిన తేడాలు కొన్ని ఉన్నాయి, దాచడం న్యాయం కాదు. ఇది ఒకే ఒక్క జంట, అదీ విపరీతమైన ప్రతిభ ఉన్న జంట. ఇంటి పప్పూ ఉప్పూ చూసిన ఇద్దరు ఇల్లాళ్ళు లేకపోతే ఈ ఆట ఇంతకాలం సాగేది కాదని నా నమ్మకం. ఇంకోటి, ఇద్దరే కూర్చుని ఒకరికొకరు మెచ్చుకునేలా పని చేస్తే తలుపులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. 2005 తర్వాతి వాళ్ళ సినిమాలన్నీ నాకు నచ్చాయని చెప్పలేను. బయట గాలి మారినట్టు లోపలికి తెలియలేదేమో అనిపించిన చోట్లున్నాయి. రమణ పోయింది 2011 ఫిబ్రవరిలో, శ్రీరామరాజ్యం విడుదల ఆ నవంబరు 17న. ఆ తర్వాత 2014 ఆగస్టు 31న తను పోయేదాకా, దాదాపు మూడేళ్ళు, బాపు ఇంకో సినిమా తియ్యలేదు. వయసే కారణం కావచ్చు. నేను మాత్రం ఆ ఖాళీని వేరేగా చదువుకుంటాను.

నా బల్ల మీద

నాకూ ఒకడున్నాడు. ఏడో తరగతి నుంచి నా పక్క బెంచీ. బ్యాంకులో చేసి వి.ఆర్.ఎస్. తీసుకున్నాడు. మంచి కథలు రాసేవాడు, పదకొండేళ్ళుగా ఒక్కటీ రాయలేదు. మా స్నేహం చివరికి ఎక్కడికి చేరిందంటే పొద్దున్నే వాట్సాప్‌లో నాకు గులాబీ పువ్వుతో 'శుభోదయం' పంపేవాడు, నేను దండం పెట్టే బొమ్మ పంపేవాణ్ణి. బొమ్మలవాణ్ణి, అది కూడా కంపెనీవాళ్ళు వేసిన బొమ్మే.

ఒక రోజు వెళ్ళి అడిగాను. ప్రతి గురువారం సాయంత్రం మా ఇంటికి రావాలి. ఒక పేజీ రాసుకొచ్చి చదవాలి. నేను ఏమీ అడక్కుండా అప్పటికప్పుడు ఒక బొమ్మ వెయ్యాలి, అందులో పేజీలో లేనిది ఒకటి ఉండి తీరాలి. తర్వాతి పేజీలో వాడు దాన్ని వాడుకోవాలి. ఫోన్లు పక్క గదిలో. 'బాగుంది' అనే మాట నిషేధం.

మొదటి ఆరు వారాలు ఘోరం. వాడు ఆడిట్ రిపోర్టులా రాశాడు, నేను క్యాలెండర్ బొమ్మలు వేశాను. ఏడో వారం పేజీలో ఒక బామ్మ మేడ మీద వడియాలు పెడుతుంది, మనవడిని కాకుల కాపలాకి కూర్చోబెడుతుంది. నేను ఒక కాకిని వేశాను. అది రెక్క చాచి బామ్మకి గొడుగు పట్టి ఉంది.

"ఇదేంట్రా?" అన్నాడు.

"ఎండ అని ఆరుసార్లు రాశావు. ముసలావిడ కదా, పాపం."

ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి గురువారం ఆ కాకికి ఉద్యోగం వచ్చింది. మనవడు బడికి పోతే వడియాలకి కాపలా అదే. జీతం రోజుకి రెండు వడియాలు, పండక్కి బోనస్. బ్యాంకువాడు కదా, పి.ఎఫ్. కూడా కట్ చేశాడు. ఆ పేజీ చదువుతుంటే వాడి గొంతు నాకు ఏడో తరగతిలో తెలుగు పీరియడ్‌లో వినబడినట్టు వినబడింది. నేను ఆ రోజు వేసిన కాకి నా పాత ఫైళ్ళలో ఎక్కడా లేదు, వెతికి చూసుకున్నాను.

అన్నీ ఇలా జరగలేదు. నాలుగో నెలలో కథలోకి ఒక లెక్కల మాస్టారు వచ్చాడు. నేను ఆయనకి లావు ఫ్రేము కళ్ళజోడు వేశాను, ఒక పక్క దారంతో కట్టినది. అది వాళ్ళ నాన్నగారిది. ఆయన మా ఇద్దరికీ లెక్కలు చెప్పారు, వాడికి ఇంట్లో కూడా చెప్పారు, బెత్తంతో. నా చేతికి అదే వచ్చింది, ఆలోచించి వెయ్యలేదు. వాడు బొమ్మ చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మూడు గురువారాలు రాలేదు. 'శుభోదయం' కూడా ఆగిపోయింది. నాలుగో గురువారం వచ్చి కూర్చుని చదివాడు. మాస్టారి కళ్ళజోడు పోయింది. ఊరంతా వెతుకుతున్నారు. కళ్ళజోడు లేక ఆయన బోర్డు మీద తప్పు లెక్క వేస్తాడు, మొదటిసారి పిల్లలు దిద్దుతారు, ఆయన నవ్వుతాడు. నాకు తెలిసి ఆ నాన్నగారు నవ్వగా ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ రోజు నేను బొమ్మ వెయ్యలేకపోయాను. రూల్ తప్పాను.

పద్నాలుగు నెలల్లో అరవై గురువారాలకి నలభై తొమ్మిది కలిశాం. పనికొచ్చే పేజీలు ఇరవై రెండు. ఒక ప్రచురణకర్త ఆ పుస్తకం వద్దన్నాడు, ఇంకొకరు చూస్తున్నారు. అదే పత్రిక్కి ఈ మధ్య మళ్ళీ పిల్లల బొమ్మలు పంపాను. ఆ సబ్ ఎడిటర్ ఈసారి ఫోన్ చెయ్యలేదు, నేరుగా అచ్చు వేసేశాడు. దాన్ని మెప్పుగా లెక్కేసుకున్నాను. బీపీ మాత్ర మారలేదు, మోకాళ్ళు మెట్ల దగ్గర తమ మాట తాము చెబుతూనే ఉన్నాయి.

చిన్ననాటి స్నేహితుడు లేనివాళ్ళ సంగతేమిటని నా శనివారం క్లాసులో ఒకావిడ అడిగింది. ఆవిడకి అరవై నాలుగు. పార్కులో వాకింగ్‌లో పరిచయమైన ఇంకో ఆవిడతో ఇదే పద్ధతి మొదలుపెట్టారు. ఒకరిది ముగ్గుల చెయ్యి, ఒకరిది పాటలు కట్టే నోరు. చాలాకాలం "మీ ఇష్టం వదినగారూ", "మీరెలా అంటే అలా" అనుకుంటూ గడిపారు. బొమ్మలు కూడా అంతే మర్యాదగా, అంతే నిస్సారంగా ఉండేవి. ఏడో నెలలో ఒకావిడ కళ్ళజోడు సర్దుకుని "ఇది బొత్తిగా బాలేదు వదినా" అంది. ఆ 'గారు' పోయిన వారం నుంచి వాళ్ళ కాగితాలు చూడటానికి నేనే ముందుగా వెళుతున్నాను.

మా కథలో కాకికి ప్రమోషన్ వచ్చింది. పోయిన గురువారం దానికి చెప్పులు వేశాను. చెప్పులేసుకుని ఎలా ఎగురుతుందిరా అని వాడు. ఎగిరేటప్పుడు విప్పి చేత్తో పట్టుకుంటుందని నేను. కాకికి చేతులెక్కడివని వాడు. మరి గొడుగు దేంతో పట్టుకుందనుకున్నావురా అన్నాను. రెక్క వేరు, చెయ్యి వేరు అంటాడు. తొమ్మిదిన్నర దాకా తేలలేదు. వాళ్ళావిడ ఫోన్ చేస్తే లేచి వెళ్ళాడు, గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగి, "జోడు ఎన్నో నంబరో కూడా రాసిపెట్టు" అని అరిచాడు.